ఎవరికి ఏ పక్క? ఊపిరికీ పడుకునే తీరుకీ ఉన్న లెక్క

ఆయాసం వచ్చిన మనిషికి లేచి కూర్చోమని ఎవరూ చెప్పనక్కర్లేదు. తనే లేస్తాడు. మంచం పట్టెకి చేతులు ఆనించి, కాళ్ళు కిందికి వేలాడేసి, కాస్త ముందుకు వంగి కూర్చుంటాడు. చుట్టూ ఉన్నవాళ్ళే టెన్షన్ పడిపోయి, "కూర్చుంటే ఇంకా నీరసం వస్తుంది, కాసేపు నడుం వాల్చు" అంటూ భుజాలు పట్టుకుని వెనక్కి వాల్చాలని చూస్తారు. ఆ పెనుగులాటలో చాలాసార్లు రోగిదే రైటు.

ఆసుపత్రి మంచం అనగానే కళ్ళ ముందు మెదిలేది వెల్లకిలా పడుకున్న మనిషే. సెలైన్ పెట్టాలన్నా, ఈసీజీ తీయాలన్నా, పొట్ట నొక్కి చూడాలన్నా, పలకరించడానికి వచ్చినవాళ్ళకి మొహం కనబడాలన్నా అదే వీలు. ఊపిరితిత్తులకి మాత్రం అది అంత వీలు కాదు. వెల్లకిలా పడుకోబెట్టడం చూసుకునేవాళ్ళ సౌకర్యం కోసం అలవాటైన పద్ధతే తప్ప, రోగి ఊపిరిని చూసి ఎంచుకున్నది కాదు. పోనీ, దానికి బదులుగా అందరికీ పనికొచ్చే భంగిమ ఇంకోటి ఉందా అంటే అదీ లేదు. జబ్బు ఏ వైపు ఉంది, ఏ కండరం సన్నగిల్లింది, వయసెంత అన్నది చూసుకుని పక్క మార్చాలి.

ఊపిరి పీల్చే పనిలో పెద్ద వాటా డయాఫ్రంది. ఛాతీకీ పొట్టకీ మధ్య పైకి ఉబ్బి ఉండే పలచటి కండరం ఇది. గాలి పీల్చినప్పుడు కిందికి దిగుతుంది. అప్పుడు పేగులు, కాలేయం కాస్త ముందుకు జరిగి చోటిస్తాయి. కూర్చున్నప్పుడు, నిలబడ్డప్పుడు ఆ బరువంతా ఎలాగూ కిందికే ఉంటుంది కాబట్టి డయాఫ్రంకి పెద్దగా అడ్డు ఉండదు. పడుకోగానే అదే బరువు డయాఫ్రంని ఛాతీలోకి నెడుతుంది. బొజ్జ ఉన్నవాళ్ళలో, నిండు గర్భిణుల్లో, పొట్టలో నీరు చేరినవాళ్ళలో ఈ ఒత్తిడి మరీ ఎక్కువ.

మామూలుగా ఊపిరి వదిలేశాక కూడా ఊపిరితిత్తుల్లో కొంత గాలి మిగిలే ఉంటుంది. ఎదిగిన మగవాళ్ళలో నిలబడి ఉన్నప్పుడు ఇది సుమారు 3 లీటర్లు. రెండు ఊపిరుల మధ్య ఉన్న ఆ విరామంలో రక్తానికి ఆక్సిజన్ అందేది ఈ నిల్వలోంచే. వెల్లకిలా పడుకుంటే ఇందులో అర లీటరు నుంచి లీటరు దాకా తగ్గిపోతుంది. ఆపరేషన్ కోసం మత్తు ఇస్తే మరో అర లీటరు దాకా పోతుంది. మత్తు డాక్టర్లు లావుపాటి మనిషికి ఆపరేషన్ బల్లని తల వైపు ఎత్తి, ముందుగా ఆక్సిజన్ పట్టించేది ఇందుకే. గొంతులో గొట్టం వేసే ఆ కొద్ది నిమిషాల్లో రోగిని కాపాడేది ఆ నిల్వే.

నిల్వ తగ్గడంతో కథ ఆగిపోదు. ఊపిరితిత్తుల్లో అడుగున ఉండే సన్నటి గాలి గొట్టాలు, లోపలి గాలి ఒక మోతాదుకి తగ్గగానే మూసుకుపోతాయి. వయసు పెరిగేకొద్దీ ఊపిరితిత్తులు సాగే గుణం కోల్పోతాయి కాబట్టి ఈ మూసుకోవడం ఇంకాస్త ముందే మొదలవుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషికైనా సరే, పడుకున్నప్పుడు మామూలు ఊపిరి చివర్లోనే కొన్ని గొట్టాలు మూసుకునే స్థితి నలభైల మధ్యలో వస్తుంది. నిలబడి ఉంటే అదే స్థితి అరవై అయిదు దాటితే గానీ రాదు. 70 ఏళ్ళ పెద్దాయన తుంటి ఎముక విరిగి వారం రోజులు మంచానికే పరిమితమైతే, మొదట ఏ జబ్బూ లేని ఊపిరితిత్తుల్లో నిమ్ము ఎక్కడినుంచి వచ్చిందని ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోతారు. కారణాల్లో ఇదొకటి. మూసుకుపోయిన చోటికి గాలి వెళ్ళదు, కఫం కదలదు, అక్కడ క్రిములు చేరతాయి.

ఇక్కడ రక్తం సంగతి కూడా చూడాలి. గాలి వచ్చిన చోటికి రక్తం కూడా వస్తేనే ఆక్సిజన్ లోపలికి వెళ్ళేది. 1960ల్లో ఊపిరితిత్తుల మీద పరిశోధన చేసిన జాన్ వెస్ట్, ఆయన సహచరులు రేడియోధార్మిక వాయువులు వాడి చూపించిందేమిటంటే, నిటారుగా ఉన్న మనిషిలో ఊపిరితిత్తుల పైభాగం కంటే అడుగుభాగానికి రక్తం చాలా ఎక్కువగా వెళ్తుంది, గాలి కూడా కొంత ఎక్కువగానే వెళ్తుంది. గురుత్వాకర్షణ పని అది. మనిషి పక్క మార్చినప్పుడల్లా ఈ 'అడుగు' మారుతుంది. వెల్లకిలా ఉంటే వీపు వైపు, కుడి పక్కకి తిరిగితే కుడి ఊపిరితిత్తి అడుగు అవుతుంది.

న్యుమోనియా ఒకవైపే ఉన్న పెద్దవాళ్ళలో పాటించే పాత సూత్రానికి ఆధారం ఇదే. బాగున్న ఊపిరితిత్తి కిందికి ఉండాలి. కుడివైపు నిమ్ము చేరితే ఎడమ పక్కకి తిప్పి పడుకోబెడితే, రక్తం ఎక్కువ భాగం బాగా పనిచేస్తున్న ఎడమవైపుకి వెళ్ళి ఆక్సిజన్ తెచ్చుకుంటుంది. తిరగేసి పడుకోబెడితే రక్తం పాడైన వైపుకి వెళ్ళి వట్టి చేతులతో తిరిగి వస్తుంది. వేలికి పెట్టిన ఆక్సీమీటర్ మీద కొందరిలో ఈ తేడా స్పష్టంగానే కనబడుతుంది.

అయితే ఈ సూత్రాన్ని కళ్ళు మూసుకుని పాటిస్తే ప్రమాదం. క్షయ జబ్బు వల్ల గానీ మరో కారణం చేత గానీ ఒకవైపు ఊపిరితిత్తి నుంచి రక్తం ధారగా పడుతుంటే, రక్తం కారే వైపే కిందికి ఉంచాలి. లేకపోతే ఆ రక్తం బాగున్న రెండో వైపుకి కారి దాన్ని కూడా ముంచేస్తుంది. చీముగడ్డ ఉన్నప్పుడు కూడా ఇదే జాగ్రత్త. ఆక్సిజన్ అంకె కాస్త పెరగడం కంటే మిగిలిన ఒక్క ఊపిరితిత్తిని దక్కించుకోవడం ముఖ్యం కదా. ఇక చంటిపిల్లల్లో సూత్రమే తలకిందులు. వాళ్ళ పక్కటెముకలు మెత్తన, కింద పడ్డ వైపు సరిగా విచ్చుకోదు, గాలి పైవైపుకే ఎక్కువగా వెళ్తుంది. అందుకని పిల్లల్లో బాగున్న వైపు పైకి ఉండేలా చూస్తారు.

బోర్లా పడుకోబెట్టడం గురించి ఎక్కువ చెప్పుకోవాలి. 2021 ఏప్రిల్, మే నెలల్లో దీని గురించి వినని తెలుగు ఇల్లు లేదంటే అతిశయోక్తి కాదు. కానీ దీని చరిత్ర కోవిడ్ కంటే చాలా పాతది. రెండు ఊపిరితిత్తులూ వాచి, నీరు పట్టి, ఆక్సిజన్ ఎంత ఇచ్చినా రక్తానికి ఎక్కని తీవ్ర స్థితిని డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అంటారు. 1967లో దీన్ని మొదటిసారి ఒక విడి జబ్బుగా వర్ణించారు. 1976లో అమెరికాలో అలాంటి అయిదుగురు రోగుల్ని బోర్లా తిప్పితే ఆక్సిజన్ మెరుగుపడిందని ఒక చిన్న నివేదిక వచ్చింది. ఎందుకు మెరుగుపడిందో అప్పట్లో సరిగ్గా తెలియదు.

1980ల్లో సీటీ స్కాన్‌లు చేతికొచ్చాక విషయం కొంత తేటపడింది. ఏఆర్‌డీఎస్ ఊపిరితిత్తి తడిసిన దూది పరుపు లాంటిది, దాని బరువుకి దాని అడుగే నలిగిపోతుంది. వెల్లకిలా ఉన్న రోగి స్కాన్‌లో వీపు వైపంతా తెల్లగా గడ్డకట్టినట్టు, ఛాతీ వైపు మాత్రమే గాలితో నల్లగా కనిపించేది. రోగిని బోర్లా తిప్పి మళ్ళీ స్కాన్ తీస్తే తెలుపు ముందువైపుకి మారి, వీపు వైపు విచ్చుకునేది. ఇటలీలోని మిలాన్‌లో లుచానో గట్టినోనీ అనే డాక్టరు బృందం చేసిన పని ఇందులో ముఖ్యమైనది.

సరే, ఒక వైపు విచ్చుకుని ఇంకో వైపు నలిగితే లాభమేముంది అనిపిస్తుంది. లాభం ఉంది, ఎందుకంటే ఆ రెండు వైపులూ సమానం కావు. ఊపిరితిత్తుల కండ ఎక్కువ భాగం వీపు వైపే ఉంది. పైగా వెల్లకిలా ఉన్నప్పుడు గుండె బరువు ఎడమ ఊపిరితిత్తి మీద పడుతుంది, బోర్లా తిరిగితే గుండె రొమ్ము ఎముక మీద ఆనుతుంది. అన్నిటికంటే చిత్రమైనది రక్తం తీరు. బోర్లా తిప్పినా రక్తం పూర్తిగా ముందువైపుకి పారిపోదు, వీపు వైపుకి బాగానే వెళ్తూ ఉంటుంది. అంటే కొత్తగా గాలి అందుతున్న చోట రక్తం అప్పటికే సిద్ధంగా ఉందన్నమాట. ఊపిరితిత్తి అంతటా ఒత్తిడి సమంగా పడడం వల్ల వెంటిలేటర్ చేసే గాయం కూడా తగ్గుతుంది. ప్రాణాలు నిలబడడంలో ఆక్సిజన్ అంకె కంటే దీని పాత్రే పెద్దదని ఇప్పుడు చాలామంది నిపుణుల అభిప్రాయం.

అలా అనుకోవడానికి కారణముంది. 2001లో గట్టినోనీ బృందమే ప్రచురించిన పెద్ద ప్రయోగంలో రోగుల్ని రోజుకి సగటున 7 గంటలు బోర్లా ఉంచారు. ఆక్సిజన్ పెరిగింది, మరణాలు మాత్రం తగ్గలేదు. ఈ పద్ధతి పని అయిపోయిందని చాలామంది అనుకున్నారు. 2013లో ఫ్రాన్స్‌లోని లియాన్‌కి చెందిన క్లోడ్ గెరాన్ బృందం ఫలితాలు వచ్చేదాకా ఆ అనుమానం పోలేదు. వాళ్ళు జబ్బు బాగా ముదిరిన 466 మందినే తీసుకున్నారు. బోర్లా ఉంచితే ఒక్కో విడత కనీసం 16 గంటలు ఉంచారు. 28 రోజుల్లో వెల్లకిలా ఉంచినవాళ్ళలో 32.8 శాతం మంది చనిపోతే, బోర్లా ఉంచినవాళ్ళలో 16 శాతం మందే చనిపోయారు. ఐసీయూ వైద్యంలో మరణాల్ని సగానికి తగ్గించిన పద్ధతులు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే ఉన్నాయి. ఇందులో ఖరీదైన మందు లేదు, కొత్త యంత్రం లేదు.

మనుషులు మాత్రం కావాలి. వెంటిలేటర్ మీద ఉన్న రోగిని తిప్పాలంటే నలుగురైదుగురు చెయ్యి వెయ్యాలి. తల దగ్గర ఒకరు ప్రత్యేకంగా నిలబడి గొంతులోని గొట్టం జారకుండా పట్టుకోవాలి, ఆయన చెప్పాకే మిగతావాళ్ళు కదలాలి. తిప్పాక గంటలకొద్దీ ఒత్తిడి పడేది నుదురు, చెంప, గడ్డం, రొమ్ము, మోకాళ్ళ మీద. అక్కడ పుండ్లు పడతాయి. కళ్ళు మూసి ఉన్నాయో లేదో చూడాలి. తల ఒకే వైపు ఉండిపోకుండా కొన్ని గంటలకోసారి మార్చాలి, దానితో పాటు చేతుల్నీ మార్చాలి. నర్సులు చాలినంతమంది లేని వార్డులో ఈ ఉచిత వైద్యం ఎంత ఖరీదైనదో అప్పుడు తెలుస్తుంది.

కోవిడ్‌లో కొత్తగా జరిగింది మెలకువగా ఉన్నవాళ్ళని, వెంటిలేటర్ లేనివాళ్ళని కూడా బోర్లా పడుకోమనడం. 2021 ఏప్రిల్‌లో కేంద్ర ఆరోగ్య శాఖ బొమ్మలతో సహా ఒక సూచన విడుదల చేసింది. ఇంట్లో ఉన్న రోగికి ఆక్సిజన్ 94 కంటే తగ్గితే మెడ కింద ఒక దిండు, ఛాతీ నుంచి తొడల దాకా ఒకటో రెండో, మోకాళ్ళ కింది భాగానికి రెండు పెట్టుకుని పడుకోవాలి. అరగంట నుంచి రెండు గంటల దాకా ఉండి, తర్వాత కుడి పక్కకి, తర్వాత కూర్చుని, తర్వాత ఎడమ పక్కకి మారాలి. తిన్న గంట దాకా వద్దు. గర్భిణులు, తీవ్రమైన గుండె జబ్బు ఉన్నవాళ్ళు, వెన్నెముక, తొడ ఎముక, కటి ఎముకలు విరిగినవాళ్ళు అసలు చెయ్యొద్దు. ఆ బొమ్మలు వాట్సాప్‌లో ఊరూరా తిరిగాయి. ఈ నియమాలు ఎంతమంది చదివారన్నది వేరే విషయం.

దీనివల్ల ఒరిగిందెంత? ఆరు దేశాల్లో 1,100 మందికి పైగా కోవిడ్ రోగుల మీద చేసిన ప్రయోగాల ఫలితాలు 2021లోనే కలిపి ప్రచురించారు. అందరూ ముక్కు ద్వారా ఎక్కువ ధారలో ఆక్సిజన్ తీసుకుంటున్నవాళ్ళే. వెంటిలేటర్ దాకా వెళ్ళడం లేదా చనిపోవడం మామూలు వైద్యంలో 46 శాతం ఉంటే, బోర్లా పడుకున్నవాళ్ళలో 40 శాతం. మరణాల్ని విడిగా చూస్తే చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మొత్తం మీద ప్రయోజనం ఉంది, అద్భుతం కాదు. ఆక్సిజన్ సిలిండర్ దొరకని ఆ రోజుల్లో బోర్లా పడుకోవడమే ఆక్సిజన్‌కి ప్రత్యామ్నాయం అన్నట్టు ప్రచారం జరిగింది. అది తప్పు. ఆసుపత్రికి వెళ్ళాల్సిన మనిషి ఇంట్లో బోర్లా పడుకుని, అంకె రెండు పాయింట్లు పెరిగిందని ధైర్యపడితే నష్టపోయేది విలువైన సమయం.

గుండె జబ్బు వల్ల వచ్చే ఆయాసం లెక్క పూర్తిగా వేరు. కార్డియాలజిస్టులు అడిగే పాత ప్రశ్న ఒకటుంది. "రాత్రిళ్ళు ఎన్ని దిండ్లు పెట్టుకుంటారు?" ఒకటి రెండయి, రెండు మూడయ్యాయంటే గుండె బరువు మోయలేకపోతోందని అర్థం. పడుకోగానే కాళ్ళలో, పొట్టలో ఉన్న రక్తం కొంత ఛాతీలోకి వచ్చేస్తుంది. బలమైన గుండె దాన్ని ముందుకు తోసేస్తుంది. బలహీనమైన గుండె తొయ్యలేక ఊపిరితిత్తుల్లో నిలవేస్తుంది. ఆ ఉబ్బుని పసిగట్టి ఆయాసం అనే కబురు పంపే నరాల కొసలు కూడా అక్కడే, రక్తకేశనాళికల పక్కనే ఉన్నాయి. వాటిని 1950ల్లో గుర్తించింది మన దేశ శాస్త్రవేత్తే. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) డైరెక్టర్ జనరల్‌గా పనిచేసిన ఔతార్ సింగ్ పెయింటల్. వాటికి జె గ్రాహకాలు అని పేరు.

పడుకున్న ఒకటి రెండు గంటలకి ఊపిరాడక దిగ్గున లేచి, కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడే పెద్దవాళ్ళని చాలా ఇళ్ళలో చూస్తాం. గ్యాస్ అనో, పీడకల అనో సరిపెట్టుకుంటారు. కూర్చుని కాళ్ళు వేలాడేస్తే తగ్గుతోందంటే అది గుండె పరీక్ష చేయించుకోవాల్సిన లక్షణం. ఇలాంటి మనిషిని ఆటోలోనో అంబులెన్సులోనో బలవంతంగా చదునుగా పడుకోబెట్టి తీసుకెళ్ళడం ప్రాణాంతకం కూడా కావచ్చు, కూర్చోబెట్టే తీసుకెళ్ళాలి. స్పృహ లేదు, ఊపిరీ లేదంటే మాత్రం ఇవేవీ వర్తించవు. గట్టి నేల మీద వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ నొక్కడం మొదలుపెట్టాలి. స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పాలి, నాలుక గొంతుకి అడ్డం పడకుండా.

పొగతాగేవాళ్ళలో, ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చిన ఆడవాళ్ళలో గాలి గొట్టాలు ఇరుకై వచ్చే సీఓపీడీ జబ్బుకి ఇంకో భంగిమ. గాలి బయటికి పోక ఊపిరితిత్తులు ఉబ్బిపోయి ఉంటాయి, డయాఫ్రం పైకి ఉబ్బి ఉండాల్సింది పోయి చదునుగా అయిపోతుంది. ముందే దిగిపోయిన కండరం ఇంకేం దిగుతుంది? ముందుకు వంగి మోచేతులు మోకాళ్ళ మీదో బల్ల మీదో ఆనిస్తే పొట్ట కాస్త లోపలికి నొక్కి డయాఫ్రంని పైకి తోస్తుంది, దానికి మళ్ళీ కదలడానికి చోటు దొరుకుతుంది. చేతులు ఒకచోట ఆని ఉన్నాయి కాబట్టి భుజాల, ఛాతీ కండరాలు కూడా పక్కటెముకల్ని లాగడానికి సాయపడతాయి. బజారు నుంచి వస్తూ దారిలో గోడ పట్టుకుని వంగి నిలబడే ముసలాయన చేస్తున్నది ఇదే, ఎవరూ నేర్పకుండానే.

కూర్చుంటే ఊపిరి మెరుగు అన్న మాటకీ మినహాయింపులున్నాయి. మెడ దగ్గర వెన్నుపాము దెబ్బతిని కాళ్ళూ చేతులూ పడిపోయినవాళ్ళలో పొట్ట కండరాలకి బిగువు ఉండదు. కూర్చోబెడితే పొట్ట ముందుకు జారి, డయాఫ్రం కిందికి దిగి చదునైపోతుంది. వాళ్ళకి పడుకున్నప్పుడే ఎక్కువ గాలి అందుతుంది, చక్రాల కుర్చీలో కూర్చునేటప్పుడు పొట్టకి బెల్టు కడితే మేలు. అసలు డయాఫ్రమే చచ్చుబడితే మళ్ళీ వ్యవహారం తలకిందులు. నిండా పీల్చి ఊదినప్పుడు బయటికి వచ్చే గాలి, మామూలు మనిషి పడుకుని ఊదితే కూర్చుని ఊదినదానికంటే పది శాతం లోపే తగ్గుతుంది, వీళ్ళకి 30 శాతం పైనే పడిపోతుంది. లివర్ బాగా పాడైన కొందరిలో ఊపిరితిత్తుల అడుగున రక్తనాళాలు వెడల్పయి, లేచి నిలబడితే ఆక్సిజన్ తగ్గి, పడుకుంటే పెరుగుతుంది. అరుదైనదే, కానీ ఆయాసపడుతున్న మనిషి పడుకుంటానని మొండికేస్తే ఆయన మాట వినడానికి ఇది చాలు.

చంటిపిల్లల విషయంలో బోర్లా అన్న మాట జాగ్రత్తగా వాడాలి. బోర్లా పడితే బొబ్బట్లు పంచే ఆనవాయితీ మనది. ఆ పడడం పిల్లాడు మెలకువగా ఉండి, తనంతట తను చేసే పని. నెలలు నిండక పుట్టినవాళ్ళని నవజాత శిశు విభాగంలో బోర్లా ఉంచుతారు, ఊపిరి క్రమంగా ఆడుతుందని. అక్కడ మానిటర్ ఉంటుంది, నర్సు ఉంటుంది. తల్లి రొమ్ము మీద నిలువుగా బోర్లా ఆనించే కంగారూ పద్ధతీ పెద్దవాళ్ళ చూపు కిందే సాగుతుంది. ఇంట్లో నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఏడాది నిండేదాకా వెల్లకిలానే. ఈ ఒక్క సలహా ప్రచారమయ్యాక చాలా దేశాల్లో నిద్రలో ఆకస్మికంగా చనిపోయే పసిపిల్లల సంఖ్య బాగా తగ్గింది.

మంచం తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచడం ఇప్పుడు ఐసీయూల్లో మామూలు నియమం. కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి జారకుండా ఇది కాపాడుతుంది. 1999లో బార్సిలోనా డాక్టర్లు వెంటిలేటర్ మీదున్న 86 మందిని పరిశీలిస్తే, న్యుమోనియా అనుమానం చదునుగా ఉంచినవాళ్ళలో 34 శాతం, ఎత్తి ఉంచినవాళ్ళలో 8 శాతం. కాగితం మీద తేలికైన నియమమే. వార్డులో జరిగేది వేరు. హ్యాండిల్ తిప్పి తల వైపు ఎత్తిన అరగంటకల్లా రోగి కిందికి జారిపోతాడు. మంచం మడత నడుం దగ్గర ఉండాల్సింది ఛాతీ మధ్యకి వస్తుంది, గడ్డం గుండెలకి ఆనుతుంది, పొట్ట మడత పడి డయాఫ్రంని ఇంకా నొక్కుతుంది. మంచం 40 డిగ్రీల్లోనే ఉంది, మనిషి మాత్రం చదునుగా పడుకున్నదానికంటే ఘోరంగా ఉన్నాడు. ఇంట్లో నులక మంచం మీద దిండ్లు పేర్చి కూర్చోబెట్టినా ఇదే జరుగుతుంది, మధ్యలో కుంగుతుంది కాబట్టి.

రోగిని ముందు పైకి జరిపి, తుంటి సరిగ్గా మంచం మడత దగ్గరికి వచ్చిందో లేదో చూసి, ఆ తర్వాతే తల వైపు ఎత్తాలి. మోకాళ్ళ కింద ఒక దిండు పెడితే జారడం తగ్గుతుంది. పొట్ట ఆపరేషన్ అయినవాళ్ళకి ఊపిరి గట్టిగా పీల్చే వ్యాయామం కోసం ఇచ్చే మూడు బంతుల పరికరం కూడా ఇలా సర్దాకే చేతికివ్వాలి. వాలిపోయి ఉండి పీలిస్తే ఒక్క బంతి కూడా సరిగా లేవదు, రోగి తన వల్ల కాదని పక్కన పెట్టేస్తాడు. కుట్ల మీద దిండు అదిమి పట్టుకుని, కాళ్ళు కిందికి పెట్టి నిటారుగా కూర్చుని పీలిస్తే అదే మనిషికి రెండో బంతి లేస్తుంది. పక్క మార్చిన ప్రతిసారీ పది పదిహేను నిమిషాలు ఆగి ఆక్సీమీటర్ చూడాలి, అంకెతో పాటు నిమిషానికి ఎన్ని ఊపిరులు తీస్తున్నాడో కూడా లెక్కపెట్టాలి. అంకె అలాగే ఉండి ఊపిరులు 30 నుంచి 22కి దిగితే ఆ పక్క అతనికి సరిపడిందన్నట్టే.